బైపీసీ వాళ్లకి నీట్ లెక్కలు: ఏ మెటీరియల్ పనికొస్తుంది, ఏది టైం తినేస్తుంది?

నమస్తే అండి. బైపీసీ చదువుతూ నీట్‌కి తయారయ్యే పిల్లలు ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్కల కోసం ఏవేవి కొంటారో అవన్నీ ఇవాళ రివ్యూ చేద్దాం. బేసిక్ మ్యాథ్స్ కోర్సు, స్పీడ్ మ్యాథ్స్, ఫార్ములాల పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, పాత పేపర్లు.

ముందు పరీక్ష సంగతి. 2025లో కొన్ని ప్రశ్నలు వదిలేసే చాయిస్ తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, మిగతా 90 బయాలజీ. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. క్యాలిక్యులేటర్ ఉండదు, లాగ్ టేబుల్ ఉండదు, రఫ్ వర్క్ బుక్‌లెట్‌లోనే చేసుకోవాలి. బయాలజీ 50 నిమిషాల్లో ముగించినా, మిగిలిన 90 ప్రశ్నలకి 130 నిమిషాలే. ఓఎంఆర్ దిద్దడంతో కలిపి ప్రశ్నకి నిమిషంన్నర కూడా లేదు. కాబట్టి ప్రతి మెటీరియల్‌నీ ఒకే ప్రశ్న అడుగుదాం: ఇది మీ చేత పెన్నుతో లెక్క చేయిస్తుందా?

బేసిక్ మ్యాథ్స్ కోర్సులు. బైపీసీలో చాలామందికి లెక్కలు పదో తరగతితోనే ఆగిపోతాయి కాబట్టి వీటికి గిరాకీ ఎక్కువ. కానీ చాలా కోర్సులు ఎంపీసీ సిలబస్‌ని కుదించినట్టు ఉంటాయి. నీట్‌కి అవకలనంలో (డిఫరెన్షియేషన్) ఘాతాలు, సైన్, కాస్, లాగ్ వస్తే చాలు. సమాకలనం (ఇంటిగ్రేషన్) అయితే ఇంకా తక్కువ. స్థానం 4టీ³ − 6టీ² అని ఇచ్చారనుకోండి. వేగం 12టీ² − 12టీ. మొదట్లో టీ = 0 దగ్గర కాక, అది మళ్లీ సున్నా అయ్యేది టీ = 1 దగ్గర. త్వరణం 24టీ − 12, అంటే అక్కడ 12. వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అని పెట్టేసేవాళ్లు ఎందరో. అది లెక్కల్లో లోపం కాదు, ఫిజిక్స్ అర్థం కాకపోవడం. ఈ కోర్సుల్లో ఆ కాస్త అవకలనం, సమాకలనంతో పాటు వెక్టర్లు, త్రికోణమితి, గ్రాఫుల భాగాలు చూసి ఆపేయండి. మిగతాది మీకు అక్కర్లేదు.

లాగ్ మాత్రం నిజంగానే ఖాళీ. తెలంగాణ పదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు (లాగ్‌లు) ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో లేవు. ఆ పుస్తకం చదివి వచ్చినవాళ్లకి పీహెచ్, చర్యా వేగాలు, ఘటం వోల్టేజి లెక్కించే నెర్న్‌స్ట్ సమీకరణం మూడూ ఒకేసారి మీద పడతాయి. గుర్తుంచుకోవాల్సింది కొంచెమే: లాగ్ 2 = 0.301, లాగ్ 3 = 0.477, లాగ్ 7 = 0.845. లాగ్ 5 అంటే 1లోంచి లాగ్ 2 తీసేయడమే, 0.699. హైడ్రోజన్ అయాన్ గాఢత 4 × 10⁻⁵ అయితే పీహెచ్ 5 − 0.602, అంటే దాదాపు 4.4. తొందరలో కూడేసి 5.6 అంటారు. ఆ గాఢత 10⁻⁵ కంటే ఎక్కువ, 10⁻⁴ కంటే తక్కువ, కాబట్టి పీహెచ్ 4కీ 5కీ మధ్యే ఉండాలి. ఈ ఒక్క చూపుతో తప్పు దొరికిపోతుంది.

చర్యా వేగాల్లో లాగ్ లేకుండానే చాలా ప్రశ్నలు తేలిపోతాయి. ఫస్ట్ ఆర్డర్ చర్య 75 శాతం అవ్వడానికి 2 అర్ధాయువులు (అర్ధాయువు అంటే పదార్థం సగం తరిగే సమయం), 90 శాతానికి సుమారు 3.3, 99.9 శాతానికి సుమారు 10. అర్ధాయువు 20 నిమిషాలైతే 90 శాతానికి 66 నిమిషాల పైచిలుకు. అంతే.

వర్గమూలాల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. 4 × 10⁻⁷కి వర్గమూలం అడిగితే 2 రాసేసి, 10⁻⁷ని ఏం చేయాలో తెలియక ఏదో ఒక ఘాతం పెట్టేస్తారు. ఘాతం బేసి అయితే ముందు దాన్ని సరి చేయండి: 40 × 10⁻⁸. √40 అంటే 6.3, జవాబు 6.3 × 10⁻⁴. బలహీన ఆమ్లాల లెక్కల్లో ఇది అడుగడుగునా వస్తుంది.

స్పీడ్ మ్యాథ్స్ గురించి నిర్మొహమాటంగా చెప్తాను: వద్దు. 98ని 97తో గుణించే చిట్కాకి నీట్‌లో పెద్దగా పని పడదు. అక్కడ కావాల్సింది పైనా కిందా కొట్టేయడం, 10 ఘాతాలు విడిగా రాసుకోవడం. వాటి బదులు 25 వరకు వర్గాలు, 1/6 నుంచి 1/9 వరకు దశాంశాలు, √2, √3, √5, √10 విలువలు నోటికి తెచ్చుకోండి.

ఫార్ములాల పుస్తకం రివిజన్‌కి మంచిది, నేర్చుకోవడానికి ప్రమాదం. ఫార్ములా ఇస్తుంది గానీ అది ఎక్కడిదాకా చెల్లుతుందో చాలాసార్లు చెప్పదు. ఎత్తుతో గురుత్వ త్వరణం తగ్గే లెక్క చూడండి. ఎత్తుకి రెండింతలు తీసుకుని భూమి వ్యాసార్ధంతో భాగించి, 1లోంచి తీసేసే చిన్న సూత్రం 32 కిలోమీటర్లకి చక్కగా పనిచేస్తుంది, 1 శాతం తగ్గుదల. అదే సూత్రాన్ని వ్యాసార్ధంలో సగం ఎత్తుకి వాడితే సున్నా వస్తుంది! అసలు జవాబు 4/9 వంతు. మీ పుస్తకంలో ప్రతి ఉజ్జాయింపు సూత్రం పక్కనా దాని హద్దు మీ చేత్తో రాసుకోండి.

ఆ పుస్తకాల్లో వెతికి పట్టుకోవాల్సిన అంకె 1240. కాంతి తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఇస్తే 1240ని దానితో భాగించండి, శక్తి నేరుగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 310 నానోమీటర్లకి 4. పని ప్రమేయం (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ని బయటికి తీయడానికి కావాల్సిన కనీస శక్తి) 2.5 అయితే గరిష్ఠ గతిజశక్తి 1.5. ప్లాంక్ స్థిరాంకంతో కుస్తీ అక్కర్లేదు.

ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది కూడా. చిక్కంతా చదివే తీరులో ఉంది. సాధించిన లెక్కని కళ్లతో చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. కాగితంతో జవాబు మూసి, చివరి అంకె దాకా, యూనిట్ దాకా మీరే రాయండి. అప్పుడు అసలు తప్పులు బయటపడతాయి. 2 చదరపు మిల్లీమీటర్లని 2 × 10⁻³ చదరపు మీటర్లు అని రాస్తారు, అది 2 × 10⁻⁶. వాయువుల లెక్కలో పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే స్థిరాంకం 0.0821. అక్కడ 8.314 పెడితే జవాబు దాదాపు 100 రెట్లు తేడా వస్తుంది.

ఎన్‌సీఈఆర్‌టీ ఇవ్వనిది వేగం. దానికి పాత పేపర్లు. మొదటిసారి ఆప్షన్లు మూసి చేయండి. రెండోసారి ఆప్షన్లు చూసి, ఎంత మోటుగా లెక్క వేసినా సరిపోతుందో తేల్చుకోండి. ఆప్షన్లు 2, 5, 9, 20 అయితే π²ని 10 అనుకోవచ్చు. 9.8, 10 రెండూ పక్కపక్కన ఉంటే కుదరదు. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం ఒక్క మాటలో రాయండి: సూత్రమా, యూనిటా, ఘాతమా, కూడికా, ప్రశ్న సరిగ్గా చదవకపోవడమా. మూడు పేపర్లయ్యాక ఏది ఎక్కువసార్లు ఉందో చూసి, ఆ వారం దాని మీదే కూర్చోండి. మాక్ టెస్టులు తెగ రాసినా మార్కులు కదలని పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఈ పనే. రఫ్ వర్క్ కూడా అసలు పరీక్షలో లాగే ఇరుకు జాగాలో, ప్రశ్న నంబరు వేసి చేయండి. చివర్లో సరిచూసుకోవాలంటే ఏ లెక్క ఎక్కడుందో కనబడాలి.