ఎంత రక్తం పోయింది? ఎవరు కొలిచారు?

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, మన్నించండి.

కాన్పులో తల్లుల ప్రాణాలు తీసే రక్తస్రావం, బీపీ, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా ముదరడం) మూడింటి గురించీ మాట్లాడమన్నారు. 2023లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 2,60,000 మంది గర్భం, కాన్పు కారణాలతో చనిపోయారు. అందులో నూటికి 92 మంది పేద, దిగువ మధ్యాదాయ దేశాల వాళ్ళే. ఈ చావుల వెనక ఆలస్యాలు మూడని 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు రాశారు: బయల్దేరడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. మొదటి రెండింటికీ ఇంటివాళ్ళనో రోడ్డునో తిట్టుకోవచ్చు. మూడోది మనది.

కేస్‌షీట్లు తిరగేయండి. కాన్పు తర్వాత రక్తస్రావం: "మామూలు". కాదంటే 200 ఎంఎల్, అందరికీ అదే 200. ఎవరు కొలిచారు? కొంత గుడ్డల్లో ఇంకింది, కొంత బకెట్లో ఉమ్మనీటితో కలిసింది, కొంత మంచం కిందికి కారింది. కంటికి ఆ లెక్క అందదు. పైగా ఎక్కువ పోయేకొద్దీ కన్ను ఇంకా తక్కువ చెబుతుంది.

బీపీ కూడా మోసం చేస్తుంది. నిండు గర్భిణికి ఒంట్లో రక్తం ఎక్కువ కాబట్టి లీటరు పోయినా బీపీ నిలబడే ఉండొచ్చు. ముందు పరుగెత్తేది నాడి. నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ అంకెను పై బీపీతో భాగించండి. 110 నాడి, 110 బీపీ అంటే 1. అది 0.9 దాటితే ఆమె దగ్గర్నుంచి కదలకూడదు. ఆ 110 బీపీ చూసే కదా "బాగుంది" అని రాసి పక్క మంచానికి వెళ్ళిపోతాం!

కొలవడానికి కావలసింది గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచి. బిడ్డ పుట్టి, ఉమ్మనీరు పోయాక నడుము కింద పరవాలి. ముందే పరిస్తే నీళ్ళను కొలిచినట్టే. 500 ఎంఎల్ గీత తాకితే చికిత్స మొదలు. నాడి, బీపీ తేడాగా ఉంటే 300 దగ్గరే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఇలా కొలిచి, చికిత్సంతా ఒకేసారి ఇచ్చారు. ఇ-మోటివ్ అంటారు దాన్ని, 2023లో ఫలితాలొచ్చాయి. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, మరణం, మూడూ కలిపి 60 శాతం తగ్గాయి.

ఒకేసారి అన్నాను, గమనించండి. గర్భసంచి మర్దన, గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్, సెలైన్, గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే ట్రానెక్సమిక్ ఆసిడ్ 1 గ్రాము నెమ్మదిగా నరంలోకి. ఆ లోపే మరొకరు మూత్రాశయం ఖాళీ చేసి, మాయ పూర్తిగా వచ్చిందా, ఎక్కడైనా చిరిగిందా చూడాలి. ఒకటిచ్చి, పనిచేస్తుందేమోనని ఎదురుచూసి, తర్వాత రెండోది ఇవ్వడం మన పాత అలవాటు. ట్రానెక్సమిక్ ఆసిడ్ కాన్పయిన 3 గంటల్లోపే ఇవ్వాలి. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ దాని ఫలం పదో వంతు తగ్గుతుంది.

ఇక ఆక్సిటోసిన్. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాల్సిన మందు. ట్రేలో, కిటికీ పక్కన, రోజుల తరబడి ఉంటుంది. ఇంజెక్షన్ చేసినా గర్భసంచి గట్టిపడకపోతే తప్పు గర్భసంచిదే అని రాస్తాం, ఆంప్యూల్‌ను, అంటే ఆ మందు సీసాను, అనుమానించం. అలాంటిదే, వేడిని తట్టుకునే కార్బెటోసిన్ అనే మందు ఉంది, 100 మైక్రోగ్రాములు, కానీ అది రక్తస్రావం రాకుండా ఆపడానికే. వచ్చాక ఆక్సిటోసిన్ లేకుంటే మిసోప్రొస్టాల్ మాత్రలు 800 మైక్రోగ్రాములు నాలుక కింద.

టైమైందని చీటీ పంపారు. బీపీ గురించి రెండు ముక్కలే. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినామెకు, వాటిని ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడానికి భయపడి, సగం డోసిచ్చి అంబులెన్సు ఎక్కించకండి. నరంలో 4 గ్రాములు, రెండు పిరుదుల్లో చెరి 5. మందు ఎక్కువైందేమో తెలియాలంటే, తర్వాతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ (తడితే కాలు ఎగరడం), నిమిషానికి 16 శ్వాసలు, గంటకు 30 ఎంఎల్ మూత్రం ఉన్నాయో చూడండి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ అదే ట్రేలో ఉండాలి, స్టోర్లో కాదు.

సెప్సిస్ మిగిలిపోయింది, ఆ తప్పు నాదే. మీరు ప్రశ్నలు అడిగే ముందు నాదొకటి. ఆక్సిటోసిన్ ఉంచే మీ లేబర్ రూమ్ ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా? ఉన్నవాళ్ళు చేతులెత్తండి.