ఊపిరి లెక్కపెట్టండి

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి, నిద్ర ఆపుకుని కూర్చున్న సిస్టర్లు, హౌస్‌సర్జన్ పిల్లలు కనిపిస్తున్నారు. అందుకే స్లైడ్లు పెట్టడం లేదు. లైట్లు తీస్తే సగం మంది పడుకుంటారు.

మన క్యాజువాలిటీ కేస్‌షీట్లలో 'అబ్జర్వేషన్‌లో ఉంచాం' అని రాసేస్తాం. ఎవరు చూస్తారో, ఏం చూస్తారో, ఎంతసేపటికోసారి చూస్తారో రాయం. పల్స్, బీపీ కొలుస్తాం. ఊపిరి గడిలో మాత్రం అందరికీ 20 వేసేస్తాం. ఒకసారి వరసగా పన్నెండు మంచాలకీ 20 చూశాను. అందులో నా చేతిరాతా ఉంది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు పేషెంటు దిగజారుతున్నాడని ముందే పసిగట్టడానికి 2012లో 'న్యూస్' అనే స్కోరు తెచ్చారు, 2017లో సవరించారు. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా. 21కి చేరితే 2 మార్కులు, 25కి చేరితే 3. పల్స్, బీపీ, ఆక్సిజన్, జ్వరం, తెలివి అన్నీ కలిపి 5కి చేరితే డాక్టరు వెంటనే రావాలి. 7 అయితే అది ఎమర్జెన్సీ. మనిషి కుప్పకూలే ముందు చాలాసార్లు మొదట మారేది ఊపిరే. చెయ్యి పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండి, నిమిషం పాటు పొట్ట కదలిక లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంటు ఊపిరి మార్చేస్తాడు.

అయితే ఈ స్కోరుకి కట్లపాము తెలీదు. దాని విషం కండరాల్ని మెల్లగా చచ్చుబరుస్తుంది. నేను కొత్తగా చేరిన ఆసుపత్రికి ఒక వానాకాలం తెల్లవారుజామున ఒక కూలీని తెచ్చారు. నేల మీద పడుకుని కడుపునొప్పితో లేచాడట. వాపు లేదు, కాటు గుర్తు దొరకలేదు. బీపీ 120, ఆక్సిజన్ 98, స్కోరు సున్నా. భార్య వచ్చి, "బావూ, ఇది నిద్దర నాగ నేదు, రెప్పలెత్తనేకపోతన్నాడు" అంది. "రాత్రంతా మేలుకున్నాడు కదమ్మా, పడుకోనివ్వండి" అన్నాను. గంటన్నరకి ఉమ్మి మింగలేక నురగ కక్కాడు. ట్యూబు వేశాం, వెంటిలేటర్ పెట్టాం. బతికాడు. ఆవిడ మాత్రం ఇంటికెళ్లేదాకా నాతో మాట్లాడలేదు.

అప్పటినుంచి పాముకాటు అనుమానం ఉన్న ప్రతి మనిషినీ ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమంటాను. గంట క్రితం 25 దాకా వెళ్లినవాడు ఇప్పుడు 14 దగ్గర ఆగిపోతే, మానిటర్ ఏం చెప్పినా నేను నమ్మను. దిండు మీంచి తల ఎత్తమంటాను. పురుగుల మందు తాగినవాళ్లకీ అదే పరీక్ష. మొదటిరోజు గండం గడిచిందని ఇంటివాళ్లు ఇడ్లీ తెచ్చే సమయానికి, అంటే 24 నుంచి 96 గంటల మధ్య, మెడ వాలిపోవచ్చు. ఆ వెనకే ఊపిరి కండరాలూ చాలించుకుంటాయి.

ఇక మన ఉద్దానం పేషెంట్లు. కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చిన కిడ్నీ మనిషికి రోజూ ఉండే బీపీ 170 అయితే, మనకి కనిపించే 110 మామూలు కాదు. డయాలసిస్ తప్పిందని తెలిస్తే పల్స్ నెమ్మదించేదాకా ఆగకండి, ముందు ఈసీజీ తీయండి. రక్తంలో పొటాషియం పెరిగి గుండెకి ముప్పు వచ్చినా మనిషి కబుర్లు చెబుతూనే ఉండొచ్చు.

సరే, చాలాసేపు మాట్లాడాను. పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకోండి. నేను గడియారం చూస్తాను. పూర్తిగా ఒక నిమిషం, మధ్యలో మాటల్లేవు. మొదలుపెట్టండి.