హాంప్టన్ కోర్టులో క్రిస్మస్: పండుగంతా వంటశాలలోనే

[దృశ్యం: థేమ్స్ నది, ఎర్ర ఇటుకల సింహద్వారం, ముసురుకుంటున్న చీకటి]

డిసెంబరులో లండన్‌లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. వాటర్లూలో రైలెక్కి చివరి స్టేషన్లో దిగి, వంతెన దాటితే ఇదిగో, హాంప్టన్ కోర్టు ప్యాలెస్. 1515 ప్రాంతంలో చర్చి పెద్ద అయిన కార్డినల్ వుల్సీ తన కోసం కట్టించుకున్నాడు. 1520ల చివరికల్లా అది ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ సొంతమైంది. రాజుగారి కన్ను పడ్డాక ఇంకేముంది!

[దృశ్యం: దీపాలతో మెరిసే క్రిస్మస్ చెట్టు]

అందరూ ఫోన్లు తీసేది ఇలాంటి చెట్టు దగ్గరే. తీసుకోండి, తప్పులేదు. కానీ హెన్రీ వచ్చి చూస్తే ఇదేమిటని అడుగుతాడు. మూడో జార్జి భార్య షార్లెట్ రాణి విండ్సర్‌లో చెట్టును అలంకరించి పిల్లలకు వేడుక చేసింది 1800లో, అంటే హెన్రీ కాలానికి రెండున్నర శతాబ్దాల తర్వాత. హెన్రీ నాటి పండుగ జాడ కావాలంటే వంటశాలకు నడవాలి.

[దృశ్యం: పెద్ద పొయ్యి, మంట దగ్గరగా]

ఆ రోజుల్లో క్రిస్మస్‌కు ముందు వారాలన్నీ ఉపవాస కాలం. మాంసం, గుడ్లు, జున్ను మానేసి చేపలతో సరిపెట్టుకోవాలి. డిసెంబరు 25 రాగానే పన్నెండు రోజుల విందులు మొదలు. పోలి పాడ్యమి దాటగానే మన మాంసం దుకాణాల ముందు కనిపించే వరుసను తలుచుకోండి, ఆ ఆత్రం అర్థమవుతుంది.

ఈ పెద్ద వంటశాలల్లో ఆరు పొయ్యిలు. ఒక్కొక్కటి మనిషి నిలబడగలిగేంత గూడు. లోపల కట్టెల మంట, దాని ముందు అడ్డంగా పొడవాటి ఇనుప ఊచలు. మాంసం గుచ్చిన ఆ ఊచలను కుర్రాళ్లు గంటల తరబడి చేత్తో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, ఒక పక్క మాడుతుంది, రెండో పక్క పచ్చిగా మిగులుతుంది. వంటశాల కుర్రాళ్లు బట్టలు లేకుండా తిరగరాదని 1526 నాటి రాజగృహ నిబంధనల్లో ప్రత్యేకంగా రాయించారు. రాయించవలసి వచ్చిందంటే, ఆ వేడికి వాళ్లు ఎలా పనిచేసేవారో వేరే చెప్పాలా? ఇప్పటికీ ఒక పొయ్యిలో మంట వేస్తుంటారు. దాని ముందు కాసేపు నిలబడితే ముఖం చుర్రుమంటుంది, వీపు మాత్రం వణుకుతూనే ఉంటుంది.

[దృశ్యం: గ్రేట్ హాల్, చెక్కపని నిండిన పైకప్పు]

ఈ హాలు చూసి రాజు రోజూ ఇక్కడే భోంచేసేవాడనుకుంటాం. ఆయన తన గదుల్లోనే తినేవాడు. ఇక్కడ కూర్చున్నది కొలువు సిబ్బంది, అదీ రెండు బంతులుగా. పండుగ రోజుల్లో మాత్రం హాలుకు కళ వచ్చేది. 1603లో లండన్‌ను ప్లేగు పట్టి పీడిస్తుంటే కొత్త రాజు జేమ్స్ క్రిస్మస్‌కు కొలువుతో సహా ఈ ప్యాలెస్‌కు తరలివచ్చాడు. షేక్‌స్పియర్ భాగస్వామిగా ఉన్న నాటక బృందం ఆయన ముందు నాటకాలు ఆడింది.

[దృశ్యం: పాత బైబిలు పుటలు]

విందులు ముగిసిన వారానికే, 1604 జనవరి 14న, జేమ్స్ ఇదే ప్యాలెస్‌లో బిషప్పులతో సమావేశం మొదలుపెట్టాడు. చర్చిలో ఇంకా సంస్కరణలు కావాలంటూ బిషప్పులతో పడని ప్యూరిటన్లను మొదటి రోజు కాక, 16న లోపలికి పిలిచాడు. ప్యూరిటన్లు అడిగినవాటిలో చాలా వాటిని తోసిపుచ్చి, బైబిలుకు కొత్త అనువాదం అన్న మాటకు ఒప్పుకున్నాడు. 1611లో అచ్చయిన ఆ ఇంగ్లీషు బైబిలునే ఎన్నో చర్చిల్లో ఇప్పటికీ క్రిస్మస్ వేళ చదువుతున్నారు.