మూడోసారి మోగిన పాట: ఆ-హా బృందం, 'టేక్ ఆన్ మీ'

[తెర మీద: కేఫ్‌లో ఒక బల్ల. కాఫీ కప్పు పక్కన తెరిచిన కామిక్ పుస్తకం. పెన్సిల్ గీతల యువకుడు కన్ను గీటుతాడు. కాగితంలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది.]

కాగితంలోంచి లేచి వచ్చిన ఈ చేతిని 1985లో టీవీ ముందు కూర్చున్న తరం ఇప్పటికీ మరిచిపోలేదు. నార్వే దేశపు బృందం ఆ-హా పాడిన 'టేక్ ఆన్ మీ' ఆ ఏడాది అక్టోబర్ 19 నాటి బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా పాటల ఆదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో ఆ స్థానం అందుకున్న తొలి నార్వే బృందం వాళ్లదే. అయితే ఇదే పాట, ఇదే గొంతుతో, అంతకు ముందు బ్రిటన్‌లో రెండుసార్లు విడుదలైంది, రెండుసార్లూ పట్టించుకున్నవాళ్లు లేకుండా పోయింది. బాణీ బాగుంటే పాట దానంతటదే జనంలోకి వెళ్తుందని మనం తరచు అంటూ ఉంటాం. ఈ పాట నడిచిన దారి చూశాక ఆ మాట నాకు సగం నిజంగానే తోస్తుంది.

[తెర మీద: నార్వే పటం. ఓస్లో దగ్గర చుక్క.]

పోల్ వాక్టార్, మాగ్నే ఫురుహోల్మెన్ ఓస్లో కుర్రాళ్లు. ఇద్దరూ పదిహేను పదహారేళ్ల వయసులో, బ్రిడ్జెస్ అనే తమ తొలి బృందంలో ఉండగా, ఒక కీబోర్డ్ వరుస కట్టుకున్నారు. మన సినిమా సంగీతకారులు 'బిట్' అంటారే, సరిగ్గా అలాంటిది: చిన్నది, చురుకైనది, ఒక్కసారి వింటే నాలుక మీద ఆడేది. తర్వాత జతచేరిన గాయకుడు మోర్టెన్ హార్కెట్‌ను మొదట పట్టుకున్నది ఆ బిట్టే. సాహిత్యం మారింది, పేరు మారింది, ఒక దశలో ఆ పాట 'లెసన్ వన్' అయింది. బిట్ మాత్రం చెక్కుచెదరలేదు. బృందానికి ఆ-హా అన్న పేరు కూడా పోల్ నోటుపుస్తకంలోనే దొరికింది. సంతోషమో ఆశ్చర్యమో కలిగినప్పుడు మన నోటి నుంచి అప్రయత్నంగా వచ్చే మాటే అది కావడం తెలుగు శ్రోతగా నాకు ముచ్చటగా ఉంటుంది.

ముగ్గురూ అదృష్టం వెతుక్కుంటూ లండన్ చేరారు. వార్నర్ బ్రదర్స్ సంస్థతో ఒప్పందం కుదిరాక, టోనీ మాన్స్‌ఫీల్డ్ నిర్మాణంలో పాట రికార్డయి 1984లో విడుదలైంది. స్వదేశమైన నార్వేలో మూడో స్థానం దక్కినా, బ్రిటన్‌లో తొలి వంద పాటల్లో కూడా చోటు దొరకలేదు. నీలి తెర ముందు ముగ్గురూ పాడుతూ కనిపించే మామూలు వీడియో ఒకటి ఆ రికార్డుకు ఉంది. ఆ రికార్డును ఇప్పుడు విన్నవారికి లోపం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. బాణీ అదే అయినా తాళం పల్చగా ఉంటుంది, కీబోర్డ్ బిట్ వెనక ఎక్కడో నిలబడిపోతుంది, గొంతు ఎంత ఎత్తుకు వెళ్లినా దాన్ని ఎత్తిపట్టే బలం కింద ఉండదు.

[తెర మీద: రెండు రికార్డింగుల ధ్వని తరంగాలు, ఒకదాని కింద ఒకటి.]

అప్పుడు అలన్ టార్నీ వచ్చాడు. బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ పాటలతో పేరు తెచ్చుకున్న నిర్మాత ఆయన. బాణీ జోలికి పోకుండా, దాన్ని మోసే వాద్యాలను మాత్రం మళ్లీ పేర్చాడు. లిన్‌డ్రమ్ అనే డ్రమ్ మెషీన్ తాళానికి నిజమైన తాళపు పళ్లేల మోతను కలిపి, సింథసైజర్ బిట్‌ను ముందు వరుసలోకి తెచ్చి, దాని పక్కన గిటార్ గీరును సన్నగా నడిపించాడు. మన దగ్గర బాణీ ఒకరు కడితే వాద్యాలు సమకూర్చే అరేంజర్ వేరొకరు ఉండటం మామూలే. ఆ అరేంజర్ పేరు శ్రోతల దాకా రావడం మాత్రం అరుదు. ఆ పనికి ఉన్న విలువ తెలియాలంటే ఈ రెండు రికార్డింగులను వెంటవెంటనే వినడం కన్నా మంచి పాఠం నాకు కనబడలేదు.

ఇక పల్లవి దగ్గర కాసేపు ఆగాలి. పాట శ్రుతిని షడ్జంగా, అంటే 'స'గా పెట్టుకుంటే, హార్కెట్ పల్లవిని మంద్ర షడ్జంలో, అంటే కింది స్థాయి 'స'లో ఎత్తుకుంటాడు. ఆ వెంటనే, రెండో మాటకే, ఒక్క అంగలో కాకలి నిషాదం అనే పై 'ని' మీదికి దూకి, అక్కణ్ణుంచి అర మెట్టు ఎక్కి మధ్య షడ్జం మీద నిలుస్తాడు. పక్క మెట్టే ఉండగా ఏడో మెట్టుకు గెంతడం గాయకులకు ప్రమాదకరమైన పని. శ్రుతి తప్పడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆ తర్వాత ఒక్కో పాదానికీ స్వరం పైకి జరుగుతూ జరుగుతూ, పల్లవి ముగిసే చోట, ఫాల్సెటో అనే పల్చని పైగొంతుతో తారాస్థాయి పంచమాన్ని, అంటే పై స్థాయి 'ప'ను తాకుతుంది. మన కచేరీల్లో గాయకులు సాధారణంగా మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా, అంటే రెండు స్థాయిల మేర తిరుగుతారు. ఈ కుర్రాడు అంతకన్నా కిందనుంచి మొదలుపెట్టి, రెండున్నర స్థాయిలకు పైగా ఉన్న దూరాన్ని ఒక్క పల్లవిలో ఎక్కేశాడు.

[తెర మీద: మెట్ల బొమ్మ. ఒక్కో మాటకు ఒక్కో మెట్టు వెలుగుతుంది.]

ఇంత చేసినా, కొత్త రికార్డు 1985లో బ్రిటన్‌లో విడుదలై మళ్లీ చతికిలపడింది. వార్నర్ సంస్థ అమెరికా కార్యాలయం ఈ పాటను వదులుకోలేక, అంతకు రెండేళ్ల ముందు మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' వీడియో తీసిన స్టీవ్ బారన్‌కు పని అప్పగించింది. 1981లో మొదలైన ఎంటీవీ అనే పాటల వీడియోల చానెల్ అప్పటికే పాటను వినడంతో పాటు చూడటం కూడా జనానికి అలవాటు చేసి ఉంది.

బారన్ ఎంచుకున్న పద్ధతి రోటోస్కోపింగ్. ముందుగా నటులతో మామూలుగా చిత్రీకరించి, ఆ ఫిల్మును ఫ్రేము తర్వాత ఫ్రేముగా కాగితం మీద పరిచి, పైన పెన్సిల్‌తో గీస్తారు. మాక్స్ ఫ్లైషర్ 1910ల్లోనే కనిపెట్టిన ఈ పద్ధతి అప్పటికే పాతది. మైకేల్ ప్యాటర్సన్, కాండేస్ రెకింగర్ కూర్చుని దాదాపు 3,000 ఫ్రేములు గీశారు. అందుకు 16 వారాలు పట్టింది. లెక్క వేస్తే, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా, రోజుకు ఇరవై ఆరుకు పైగా బొమ్మలు. ఆ గీతలు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండవు కాబట్టి తెర మీద అవి నిరంతరం వణుకుతూ ఉంటాయి. ఆ వణుకే బొమ్మకు ఊపిరి పోసింది.

[తెర మీద: నలిపేసిన కామిక్ పుస్తకం చెత్తబుట్టలో పడుతుంది.]

కథ చిన్నదే. కేఫ్‌లో కామిక్ చదువుతున్న అమ్మాయిని, ఆ పాత్రలో బంటీ బెయిలీ నటించింది, బొమ్మల యువకుడు చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్తాడు. డబ్బు కట్టకుండా వెళ్లిపోయిందనుకున్న కేఫ్ ఉద్యోగిని పుస్తకాన్ని నలిపి పారేస్తుంది. లోపల పాత్రలకు ఆకాశం నలిగినట్టే. చివర్లో యువకుడు గోడలకు తనను తాను కొట్టుకుంటూ ఒక క్షణం బొమ్మగా, ఒక క్షణం మనిషిగా మారుతూ బయటపడతాడు. కింది స్వరం నుంచి పైస్వరానికి ఎగబాకే పల్లవికి ఇంతకన్నా తగిన దృశ్యం నేను ఊహించలేను. వీడియో పాటను మింగేసిందనే విమర్శ ఉంది, నేను ఒప్పుకోను. పాటలో ఉన్న ఆరాటాన్నే అది కళ్లకు కట్టింది.

ఈ వీడియోతో పాట మూడోసారి విడుదలైంది, ఆదరణ ఈసారి ఆగలేదు. అమెరికాలో మొదటి స్థానం, బ్రిటన్‌లో రెండో స్థానం, ఆ తర్వాత అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారుల విభాగంలో నామినేషన్ వచ్చాయి. 1986 ఎంటీవీ పురస్కారాల్లో ఈ వీడియో ఆరు గెలుచుకుంది. ఆ ఏటి ఉత్తమ వీడియో పురస్కారం మాత్రం డైర్ స్ట్రెయిట్స్ బృందపు 'మనీ ఫర్ నథింగ్'కు వెళ్లింది. దానికీ దర్శకుడు స్టీవ్ బారనే. ఒకటి కంప్యూటర్ బొమ్మలతో, ఒకటి పెన్సిల్ బొమ్మలతో.

ఒకే పాట బృందమన్న ముద్ర ఆ-హాకు అమెరికాలో పడింది. అది అన్యాయం. తర్వాతి పాట 'ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ' బ్రిటన్‌లో మొదటి స్థానానికే చేరింది. 1991లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో దాదాపు 1,98,000 మంది వీళ్ల కచేరీకి వచ్చారు. 'టేక్ ఆన్ మీ' వీడియో 2020లో యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటింది.

2017లో నార్వేలోని గిస్కే దీవిలో వీళ్లు ఇదే పాటను వేగం బాగా తగ్గించి, సింథసైజర్ మోత లేకుండా పాడారు. హుషారు పాటగా తెలిసినది విన్నపంగా వినిపించింది. 2025 జూన్‌లో హార్కెట్‌కు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని బృందం ప్రకటించినప్పుడు నేను మళ్లీ 1985 నాటి రికార్డు దగ్గరికే వెళ్లాను. ఇప్పుడు దాన్నే వినిపిస్తున్నాను. పల్లవిలో మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య చెవి పెట్టండి.

[పల్లవి వినిపిస్తుంది. తెర మీద మెట్లు ఒక్కొక్కటిగా వెలిగి, పై మెట్టు దగ్గర ఆగుతాయి.]