ముందుకు వాలిన రెక్క

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కొమ్ముపనికి పేరుపొందిన ఈ పర్లాకిమిడిలో, పశువు కొమ్మును వేడిచేసి వంచి కొంగను, రొయ్యను తీర్చే కళాకారుల ఎదుట చేతిపని గురించి మాట్లాడడం నాకు దక్కిన గౌరవం. బల్లమీద ఉన్నది అమెరికావారి ఎక్స్-29 ప్రయోగ జెట్ విమానానికి 24వ వంతు నమూనా. రెక్కల కొస నుంచి కొసకు 34.5 సెంటీమీటర్లు ఉంటుంది. దీన్ని తయారు భాగాల పెట్టెతో కాక, పొనికి కర్ర, ప్లాస్టిక్ రేకు, లప్పంతో మొదటి నుంచీ కట్టాను.

1984 డిసెంబరు 14న తొలిసారి ఎగిరిన ఈ రకం విమానాలను గ్రమ్మన్ సంస్థ రెండే కట్టింది. ఒంటి ముందుభాగం ఎఫ్-5ఏ యుద్ధవిమానానిది, చక్రాల కాళ్లు ఎఫ్-16 యుద్ధవిమానానివి. పరీక్షించదలచినది రెక్కను గనుక మిగిలినవి ఉన్నవాటిలోంచి తెచ్చుకోవడం చాలా తెలివైన పని. ఒంటిని చెక్కేటప్పుడు ఒక్కొక్క చోటి అడ్డుకోత ఆకారాన్ని అట్టలో కోసి, దాన్ని కర్రకు ఆనించి, సందులోంచి వెలుతురు కనబడనంతవరకు ఆకురాయితోనూ, ఆపైన ఉప్పుకాగితంతోనూ అరగదీశాను.

కష్టమంతా రెక్క దగ్గరే వచ్చింది. మామూలు జెట్ రెక్కలు వెనక్కి వాలితే, దీనివి ముందుకు వాలాయి. అందువల్ల గాలి కొసవైపు కాక మొదలువైపు జారుతుంది, ముక్కు బాగా పైకెత్తినప్పుడు కూడా కొసల దగ్గర అదుపు తప్పదు. కానీ గాలి ఒత్తిడికి రెక్క పైకి వంగినకొద్దీ కొసలో ముందంచు పైకి మెలితిరుగుతుంది, దానితో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, చివరకు రెక్క విరిగిపోయే ప్రమాదం ఉంటుంది. లోహంతోనే దీన్ని ఆపాలంటే రెక్క చాలా బరువెక్కుతుంది. అందుకే పైతొడుగును కార్బన్ నార పొరలతో, నార దిశలను లెక్కగట్టి ఏటవాలుగా పేర్చి, రెక్క పైకి వంగినప్పుడు ముందంచు కిందికి తిరిగేలా చేశారు.

నేను మొదట ఒకే పలకలోంచి కోసిన రెక్క వానాకాలంలో చెమ్మ పీల్చి కొస దగ్గర మెలితిరిగింది. నెలరోజుల పని పోయిందని ఎంతో బాధపడ్డాను. రెండోసారి మూడు పలుచని చెక్కలను, నడిమిదాని నార అడ్డంగా ఉండేలా, బంకతో అతికి, రాత్రంతా బరువుకింద ఉంచి కోశాను. అది నేటికీ చదునుగానే ఉంది. నా పొరలు మెలిని అడ్డుకుంటాయి, అంతే. అసలు విమానం రెక్కలోని పొరలు మెలిని తమకు కావలసిన వైపు తిప్పుకున్నాయి. ఈ తేడా ఎంత పెద్దదో బొమ్మలు చూసినప్పటికన్నా ఆ చెక్కలు అతికేటప్పుడే నాకు బోధపడింది.

నమూనా పక్కన అట్టతో కోసిన ముందువాలు రెక్క ఒకటి ఉంచాను. సభ ముగిశాక మొదలును బల్లకు అదిమిపట్టి, కొసను వేలితో మెల్లగా పైకెత్తి చూడండి. వెనకంచు కన్నా ముందంచు ఎక్కువగా లేవడం మీకే కనబడుతుంది.