మూడు గంటల పిలుపు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, ముఖ్యంగా ఈ ఏడాది కాలేజీల్లో కొత్తగా చేరిన పిల్లలకు నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఈ రోజున ఒడిశాలోని మన బరంపురంలో మాట్లాడమంటే భాష గురించే మాట్లాడాలి. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పటికే చెప్పారు. నేను హాస్టల్ సీటు కోసం రాత్రంతా లైనులో నిలబడడం గురించి చెబుతాను. పంతులుగారి దగ్గరకు కూడా వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నాది గుణుపురం. 1991 జులైలో డిగ్రీలో చేరడానికి మొదటిసారి ఈ ఊరు వచ్చాను. అప్పటికి రాయగడ జిల్లా ఇంకా ఏర్పడలేదు, మాది కోరాపుట్ జిల్లా. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడ దాకా 90 కిలోమీటర్లు చిన్న రైలుబండిలో రావాలి, నౌపడలో పెద్ద బండి ఎక్కాలి. ఆ చిన్న బండి ఎంత నెమ్మదిగా నడిచేదో ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రోజూ వచ్చిపోయే దూరం కాదు. బరంపురంలో మాకు చుట్టాలెవరూ లేరు. బయలుదేరే ముందు మా నాన్న ఒకటే మాట అన్నారు. "హాస్టల్ దొరికితే చదువుకో. దొరక్కపోతే తిరిగొచ్చేద్దాం."

కాలేజీ నోటీసు బోర్డు మీద ఒడియాలో నాలుగు లైన్లు రాసి ఉన్నాయి. హాస్టల్ ఫారాలు మర్నాడు పొద్దున్న పది గంటలకు ఇస్తారు. ముందు వచ్చినవాళ్లకు ముందు. ఉన్నవి 45 ఫారాలు. మేం అది చదివేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పటికే గేటు పక్కన గోడ వారగా చెప్పులు, గొడుగులు, ఒక ఇటుక, ఒక స్టీలు టిఫిన్ డబ్బా వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని పెట్టినవాళ్లు చెట్టు నీడన కూర్చున్నారు. నేనూ నా గొడుగు పెట్టాను. అది పందొమ్మిదో చోటు.

చీకటి పడేసరికి గొడవలు మొదలయ్యాయి. నా చెప్పులు జరిపారని ఒకరు, నేను ముందే వచ్చానని ఇంకొకరు. ఇలా కాదు, పేర్లు రాద్దామన్నారు ఎవరో. నా ఒడియా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నా దగ్గర కొత్త నోటుబుక్కు ఉంది. అలా ఆ లిస్టు నా చేతికి వచ్చింది. అందరం కలిసి ఒక రూలు కూడా పెట్టుకున్నాం. గంటకోసారి పేర్లు పిలవాలి. పిలిచినప్పుడు లేనివాళ్ల పేరు కొట్టెయ్యాలి. ఆ సమయానికి ఆ రూలు అందరికీ న్యాయంగానే కనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ముప్పై ఒకటో పేరు ఒక సవర గిరిజన అమ్మాయిది. పుట్టాసింగి వైపు కొండల నుంచి ఒక్కతే వచ్చింది. ఒడియా తడుముకుంటూ మాట్లాడేది. తెలుగు మాత్రం మా గుణుపురం సంతలో వినిపించే తెలుగే. నాది గుణుపురం అని తెలియగానే వచ్చి నా పక్కన కూర్చుంది. డబ్బాలో తెచ్చుకున్న చోడి అంబలిలో సగం నాకు పోసింది. వాళ్ల ఊరి నుంచి కాలేజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల తనేనని చెప్పింది.

రాత్రి తొమ్మిదింటికి గేటుకు తాళం వేశారు. ఆడపిల్లలున్న చోటని మగవాళ్లందర్నీ రోడ్డుకు అవతలివైపు ఉండమన్నారు. గేటు లోపల బాత్రూములున్నాయి, పగలు చూశాం. వాచ్‌మన్ తాళం తియ్యలేదు. తియ్యమని తనకెవరూ చెప్పలేదన్నాడు, అది నిజమే కూడా. అప్పటి నుంచి మేం నీళ్లు తాగడం మానేశాం. ఈ మాట ఇంతమంది ముందు చెప్పడం బాగుండదని కొందరికి అనిపించవచ్చు. కానీ రాత్రి లైను అంటే ఆడపిల్లకు ముందుగా ఇదే. నిద్ర, వాన, దోమలు అన్నీ దీని తర్వాతే.

పదకొండింటికి వాన మొదలైంది. ఎదురుగా ఒక పట్టు నేతవాళ్ల ఇల్లు. ఆ ఇంటావిడ తలుపు తీసి, "ఓలమ్మా, అలా తడిసిపోతన్నారేటర్రా, అరుగు మీదకి రండి" అని కేకేసింది. బెల్లం టీ కాచి గ్లాసులు తక్కువైతే గిన్నెల్లో పోసి ఇచ్చింది. పెరట్లో మరుగుదొడ్డి చూపించింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. పన్నెండు దాటాక ఆ ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. పొద్దున్నే మగ్గం మీద కూర్చోవలసిన మనుషులు, ఎన్నిసార్లని లేపుతాం?

మూడింటికి కాస్త ముందు ఆ సవర అమ్మాయి లేచింది. "అక్కా, ఇప్పుడే వస్తాను" అని చెప్పి డబ్బా నా కాళ్ల దగ్గర పెట్టి చీకట్లోకి వెళ్లింది. మూడింటికి పేర్లు పిలిచాను. ముప్పై ఒకటి దగ్గర ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాను. వెనక నుంచి "కొట్టెయ్, కొట్టెయ్" అన్నారు. ఆమె ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట అంటే నా మీద పడతారని, నా పేరు కూడా పోతుందని భయపడ్డాను. పెన్నుతో గీత గీశాను.

పది నిమిషాలకు వచ్చింది. నోటుబుక్కు వైపు చూసింది. నన్నేమీ అడగలేదు. డబ్బా తీసుకుని లైను చివరికి వెళ్లి నిలబడింది. అక్కడ అది 58వ చోటు. పొద్దున్న 45 ఫారాలు అయిపోయాయి. నాకు ఫారం దొరికింది, హాస్టల్ దొరికింది. మూడేళ్లు చదువుకున్నాను, తర్వాత ఉద్యోగం వచ్చింది, ఈ రోజు మీ ముందు మైకు పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయిని మళ్లీ ఏ క్లాసులోనూ చూడలేదు. ఆ నోటుబుక్కులోనే కెమిస్ట్రీ నోట్సు రాసుకున్నాను. మొదటి పేజీ చింపలేదు, ఇప్పటికీ ఇంట్లో ఉంది.

ఇంకో చిన్న సంగతి. ఫారాలు ఇవ్వడానికి అరగంట ముందు కారులో వచ్చిన ఇద్దరు లోపలికి వెళ్లి ఫారాలు తీసుకుని వెళ్లిపోవడం చూశాం. దాని మీద ఎక్కువ మాట్లాడను. అలాంటివి తప్పని అందరూ ఒప్పుకుంటారు. అందరూ ఒప్పనుకునే లైను గురించే నా బాధ.

లైను అంటే మనకు గౌరవం. సినిమా హాలైనా, రేషన్ షాపైనా ముందు వచ్చినవాడిది ముందు హక్కు. డబ్బున్నా లేకపోయినా ఒకటే అంటాం. కానీ హాస్టల్ ఎవరి కోసం? దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం. దూరం నుంచి వచ్చినవాళ్లు లైనులోకి ఎప్పుడు చేరతారు? అందరికంటే ఆఖరున. బోర్డు మీది నోటీసు కాలేజీ పక్క వీధి వాళ్లకు పొద్దున్నే తెలుస్తుంది. కొండ మీది ఊరికి ఆ కబురు చేరేసరికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఆ రాత్రి మా లైనులో ముందున్న పది మందిలో కొందరు సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం తిని వచ్చారు. వాళ్ల చోట్లో తమ్ముళ్లు కూర్చున్నారు. తమ్ముడు లేనివాళ్లు, తోడు లేనివాళ్లు, నెలసరిలో ఉన్నవాళ్లు, జ్వరంతో వచ్చినవాళ్లు, వీళ్లందరూ ఒళ్లు బిగబట్టుకుని తెల్లవార్లూ గడపాలి. ఎవరికి గది ఎక్కువ అవసరమో ఆ లైను చూడలేదు. ఎవరు కదలకుండా కూర్చోగలరో అదే చూసింది.

పోయేది గది ఒక్కటే అయినా బాగుండును. కేంద్ర ప్రభుత్వం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చూడండి. 2021 నిబంధనల ప్రకారం మామూలు డిగ్రీ చదివే పిల్లలకు హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000 రూపాయలు, బయట ఉంటే 3,000. హాస్టల్లో ఖర్చు ఎక్కువని అలా పెట్టారు, అందులో తప్పు లేదు. కానీ హాస్టల్ దొరకక అద్దె గదిలో ఉండే పిల్ల కూడా బయటి లెక్కలో పడితే ఏమవుతుంది? అద్దె కట్టాలి, కరెంటు కట్టాలి, వంట చేసుకోవాలి, చేతికి మాత్రం సగం వస్తుంది. రాత్రి మూడింటికి గీసిన ఒక గీత అంతదాకా పోతుంది.

ఇప్పుడు ఒడిశాలో కాలేజీ సీటు కోసం ఎవరూ రాత్రి నిలబడక్కర్లేదు. సామ్స్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. ఇంటి దగ్గర నుంచే అప్లై చేస్తాం, మార్కులను బట్టి లిస్టు వస్తుంది. ఎంత మంచి మార్పో ఆ రోజుల్లో తిరిగినవాళ్లకు తెలుస్తుంది. సీటు వచ్చాక పడక ఎక్కడ అనే టెన్షన్ మాత్రం పోలేదు. హాస్టల్లో చోటు లేకపోతే మెస్సుల కోసం, అంటే నలుగురు కలిసి ఉండే అద్దె గదుల కోసం, తల్లిదండ్రులు వీధి వీధీ తిరుగుతారు. అడ్వాన్సు ఎంత అని అడగకముందే మీరేమిట్లు, ఏం తింటారు అని అడిగే ఇళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి. ఆ ఇళ్లలో మనవాళ్లవీ ఉన్నాయి. ఇది మన ఒక్క చోటే కాదు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీ ఊళ్లలో వచ్చే ఏడాది అద్దె ఇంటి కోసం పిల్లలు రాత్రంతా ఆఫీసుల ముందు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. అంత డబ్బున్న దేశంలోనూ పడకలు తక్కువై పిల్లలు ఎక్కువైతే చివరికి వీధిలోనే తెల్లవారుతుంది.

కాలేజీల పెద్దలు ఇక్కడ కొందరున్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. హాస్టల్ సీటు కాలేజీ సీటుతో పాటే తేల్చండి. ఇల్లు ఎంత దూరమో, రాబడి ఎంతో చూసి లిస్టు వెయ్యండి. గుణుపురం పిల్లకు, ఈ పక్కనే ఉన్న గోపాలపురం పిల్లకు ఒకే అవసరం ఉండదు. ఎప్పుడైనా లైను తప్పకపోతే ఆ రాత్రి గేటు తెరవండి, బాత్రూములు తెరవండి, లైటు వెయ్యండి. పిల్లలారా, మీలో ఎవరి చేతికైనా అలాంటి లిస్టు వస్తే, లేచి వెళ్లినవాళ్ల పేరు పక్కన టైము రాసుకోండి. వచ్చేదాకా ఆగండి.

ఇక పంతులుగారి దగ్గరకు వస్తాను. రామమూర్తిగారికి పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయారు. మేనమామగారింట్లో ఉండి హైస్కూలు చదువుకున్నారు. ఆ ఇంట్లో ఆయనకు చాప పరిచే చోటు లేకపోతే ఈ రోజు మనం దండ వేసే ఫోటో ఉండేది కాదు. 1880లో పర్లాకిమిడి వచ్చి బడిలో టీచరుగా చేరారు. అడవుల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు, తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన వ్యావహారిక భాషా ఉద్యమం గురించి మనం ఎంతో మాట్లాడతాం. ఆ ఇంటి గడప గురించి తక్కువ మాట్లాడతాం.

మన తాతల కాలంలో వారాలుండేవి. బీద విద్యార్థి సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో తిని చదువుకునేవాడు. ఆ పద్ధతిని పొగుడుతూ మాట్లాడేవాళ్లను చాలామందిని విన్నాను. నేను పూర్తిగా పొగడలేను. వారం ఇచ్చేవాళ్లు కులం చూసి ఇచ్చేవాళ్లు. నాకు అంబలి పోసిన ఆ అమ్మాయికి ఆ ఇళ్లలో ఏ రోజూ దొరికేది కాదు. అందుకే ఆ పాత పద్ధతి తిరిగి రావాలని అడగను. పంతులుగారి గుమ్మంలాంటి గుమ్మం కావాలని అడుగుతాను.

ఈ ఊళ్లో మన ఇళ్లు చూడండి. పిల్లలు హైదరాబాదులో, విశాఖపట్నంలో, బెంగుళూరులో ఉన్నారు. మేడ మీద గదికి తాళం. దసరాకో సంక్రాంతికో తీసి దుమ్ము దులిపి మళ్లీ వేసేస్తాం. ఏడాదంతా ఇమ్మని అడగడం లేదు. అడ్మిషన్ల రోజుల్లో ఒక పదిహేను రోజులు చాలు. జయపురం నుంచో, పర్లాకిమిడి నుంచో, పుట్టాసింగి నుంచో వచ్చిన పిల్ల, వెంట వచ్చిన తల్లి, స్నానం చేసి పడుకుని, పొద్దున్నే కాలేజీకి వెళ్లి అడగవలసినది అడగడానికి ఒక చోటు. అద్దె గది వెతుక్కోవాల్సి వస్తే మన వీధి వాళ్లతో మాట్లాడడానికి మనలో ఒకరు తోడు. తెలుగు పిల్లలకే అని కూడా అనకండి. ఆ నేతవాళ్ల ఇంటావిడ అరుగు మీదకు పిలిచినప్పుడు మా అందరిదీ ఒకే భాష కాదు.

బయట వరండాలో బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. కొత్తదే. గది ఇవ్వగలిగినవాళ్లు మీ పేరు, వీధి పేరు, ఎంతమందికి సరిపోతుందో రాయండి. మా కుర్రాళ్లు వచ్చి మాట్లాడతారు. మొదటి పేజీలో నాది రాశాను. మేడ మీద గది, ఇద్దరు పడుకోవచ్చు, బాత్రూము విడిగా ఉంది, మెట్లు బయటి నుంచే. రాత్రి ఎన్ని గంటలకు వచ్చినా తలుపు తీస్తాను.

నమస్కారం.