పటంలోని గీతలు ఎప్పటివి?

నమస్కారం. ఏటా ఆగస్టు 15 రాగానే ‘1947 నాటి భారతదేశం’ అన్న శీర్షిక కింద నేటి 28 రాష్ట్రాల పటం ప్రత్యక్షమవుతుంది. అది చూసినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. ఆ రోజుకు హైదరాబాదు సంస్థానం దేశంలో చేరనే లేదు; గోవా 1961 వరకు పోర్చుగీసువారి చేతిలోనే ఉంది.

దేశాన్ని ఒక ఉమ్మడి ఇల్లు అనుకుందాం. 1950 జనవరి 26 నాటికి ఆ ఇంటి గదులన్నిటికీ ఒకే హోదా లేదు. పాత బ్రిటిషు ప్రావిన్సులు ‘ఎ’ భాగంలో, పెద్ద సంస్థానాలు ‘బి’ భాగంలో, చిన్నవి ‘సి’ భాగంలో, అండమాన్ దీవులు ‘డి’ భాగంలో ఉండేవి. నిన్నటి నిజామే రాజ్‌ప్రముఖ్ పేరుతో 1956 దాకా హైదరాబాదు గదికి పెద్దగా కొనసాగారంటే ఈ తరానికి వింతగానే తోస్తుంది.

ఇక్కడే మన తెలుగువారి పొరపాటు ఒకటి చెప్పాలి. 58 రోజుల నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు అసువులు బాసిన తరువాత, 1953 అక్టోబరు 1న ఏర్పడినది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం; ఆంధ్రప్రదేశ్ కాదు. మద్రాసు గదిలో తెలుగువారి వైపు ఒక గోడ లేచింది, అంతే. హైదరాబాదు వైపు గోడ తీసి రెండింటినీ కలిపినది 1956 నవంబరు 1న. అదే రోజున ఇల్లంతా సర్ది, 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా చేశారు.

మరి గోడ జరిపే అధికారం ఎవరిది? రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. గదిలో ఉంటున్నవారి అభిప్రాయం అడగాలి గాని, వారి అంగీకారం అక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించగలిగింది అందుకే. పైగా దీనికి సాధారణ మెజారిటీ చాలు. 4వ అధికరణం దీనిని రాజ్యాంగ సవరణగా లెక్కించదు. ఇంత పెద్ద మార్పుకు ఇంత చిన్న గడప ఉండడం నాకు నేటికీ ఆశ్చర్యమే.

సమయం మించిపోతున్నందున మిగిలినవి త్వరగా చెబుతాను. 1960లో బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర, గుజరాత్‌లుగా విడిపోయింది. 1966లో హర్యానా, 1975లో సిక్కిం, 2000లో ఒకే నెలలో మూడు రాష్ట్రాలు, 2014 జూన్ 2న తెలంగాణ వచ్చాయి. 2019లో మాత్రం జమ్మూ కశ్మీర్ విషయంలో గది కాస్తా వసారాలుగా మారింది. 1956 తరువాత ఒక రాష్ట్రం కేంద్రపాలిత ప్రాంతాలు కావడం అదే మొదటిసారి.